పరలోకం ఎవరిది? బొందలగడ్డ ఎవరిది?

నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి ఆబిడ్స్ దిక్కు నడిస్తే అర్ధగంట తిరిగేలోపు మూడు చర్చీలు తగులుతాయి. 1860లలో కట్టిన సెయింట్ జార్జి చర్చి, చిరాగ్ అలీ లేన్‌లో మెథడిస్టు చర్చి, గన్‌ఫౌండ్రీలో 1870లలో లేచిన కతోలికుల సెయింట్ జోసఫ్ కథెడ్రల్. ఇవతలి పక్క నాంపల్లి కోర్టులు, ఇంకొంచెం పోతే అసెంబ్లీ. కేసు వాయిదాకో, ధర్నాకో జిల్లాల నుంచి దిగే మన జనం ఈ రెండు పక్కలా తిరుగుతారు. గోడల మీద సువార్త సభల పోస్టర్లు ఉంటాయి, నిత్యజీవం అని పెద్ద అక్షరాలతో. దాని పక్కనే భూమి, కూలి, ఆత్మగౌరవం అని మన పోస్టరు ఉంటుంది. రెండూ ఒకే రకం లైతో అంటించినవే.

సంఘంలో పనిచేసే మన పిల్లలు కొందరు మొదటి పోస్టరు చూసి నవ్వుతారు. "బతికుండంగ గంజి లేదు గానీ చచ్చినాక పరమాన్నమట" అంటారు. పాస్టరు గారేమో రెండో పోస్టరు చూసి మొహం తిప్పుకుంటాడు. "ఈ లోకం మనది కాదు గదా అయ్యా, జానెడు భూమి కోసం కొట్లాటలెందుకు" అంటాడు. ఈ ఇద్దరి నడుమ మన అమ్మలున్నారు. శనివారం మన మీటింగుకు వస్తారు, ఆదివారం ఉతికిన చీర కట్టుకొని గుడికి పోతారు. వాళ్ళకు రెండూ కావాలె. దాన్ని తెలివితక్కువతనం అని ఈ పత్రిక అనుకోదు. అందుకే ఈసారి సంపాదకీయం పరలోకం మీద.

దళిత పత్రికకు పరలోకంతో పనేంది అని అడగబోయే మిత్రులకు ముందు ఒక సంగతి చెప్పాలి. 2025 జనవరిలో మన సరిహద్దు పక్కనున్న బస్తర్‌లో ఒక పాస్టరు చనిపోయాడు. మహర కులస్థుడు, అంటే మనవాడే. ఆయన తాతతండ్రులను పెట్టిన ఊరి బొందలగడ్డలోనే ఆయన్ను పెడతామని కొడుకు అడిగాడు. ఊరు కుదరదన్నది. శవం జగదల్‌పూర్ మార్చురీలో దాదాపు ఇరవై రోజులుంది. కొడుకు హైకోర్టుకు పోయాడు, సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఇద్దరు జడ్జీలు రెండు తీర్పులిచ్చారు. సొంత పొలంలో పెట్టుకోనివ్వండి అని ఒకరు, ప్రభుత్వం చూపిన చోటనే పెట్టాలని ఇంకొకరు. చివరికి శవం ఇంకా ఆగకూడదని, ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న క్రైస్తవుల శ్మశానంలో పెట్టమన్నారు. ఆత్మ ఎక్కడికి పోయిందో దాని మీద కోర్టులో వాదన లేదు. దేహానికి ఆరడుగుల నేల ఎక్కడ అన్నదే వాదన. పరలోకం మాట ఎత్తితే అది భూమి మాట దాకా వస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. తెలుగు బైబిలు స్వర్గం అనలేదు, వైకుంఠం అనలేదు. పరలోకం అన్నది. మోక్షం అనకుండా నిత్యజీవం అన్నది. తర్జుమా చేసినవాళ్ళు ఏం ఆలోచించి ఆ మాటలు ఎంచుకున్నా మనకు మేలే జరిగింది. ఎందుకంటే స్వర్గం అనే మాట మీద మన రక్తం ఉన్నది.

రామాయణమే చూడండి. ఉత్తరకాండలో శంబూకుడు తలకిందులుగా వేలాడి తపస్సు చేస్తుంటాడు. ఎందుకు? ఈ దేహంతోనే స్వర్గానికి పోవాలని. రాముడు వచ్చి నీ కులమేంది అని అడుగుతాడు. శూద్రుణ్ణి అని చెప్తాడు. మాట నోట్లో ఉండగానే తల తెగిపడుతుంది. బాలకాండలో త్రిశంకుదీ అదే కోరిక. ఆయన రాజే, అయినా వసిష్ఠుడి కొడుకులు శపిస్తే చండాలుడయ్యాడు. విశ్వామిత్రుడు పైకి పంపితే ఇంద్రుడు కిందికి తోశాడు. నడిమధ్యన తలకిందులుగా ఆగిపోయాడు. దేహంతో స్వర్గానికి పోదామనుకున్న శూద్రుడి తల పోయింది, చండాలుడు వేలాడుతూ ఉండిపోయాడు. తలకిందులుగా వేలాడే గబ్బిలానికి గుడిలో చోటుంది గానీ మనిషికి లేదని జాషువా 1941లో కావ్యమే రాశాడు.

మరి చర్చిలో మన అమ్మలు విశ్వాసప్రమాణం చెప్పేటప్పుడు ఆఖరున ఏమంటారు? ఈ శరీరం తిరిగి లేస్తుందని, ఆ జీవానికి అంతం లేదని అంటారు. ఆత్మ ఒక్కటే అనరు, శరీరం అంటారు. ఊరు ముట్టుకోని శరీరం, హోటల్లో వేరే గ్లాసు పెట్టించుకున్న శరీరం, బావి గట్టు ఎక్కితే మైల అన్న శరీరం. అదే శరీరం లేస్తుందంట, దేవుని ముందర నిలబడుతుందంట. శంబూకుడు అడిగింది సరిగ్గా ఇదే గదా! దీన్ని మత్తుమందు అని ఒక్క మాటతో తీసేసే సోదరులు, అంటరాని దేహానికి ఇంత గౌరవం ఇచ్చిన మాట ఆనాడు మన వాడకు ఇంకేది వచ్చిందో చెప్పాలి.

ఇంకోటి ఇంతకన్నా పెద్దది. మనిషికి ఒక్కటే పుట్టుక, ఒక్కటే చావు, ఆ తర్వాత తీర్పు అని హెబ్రీయులకు రాసిన పత్రిక చెప్తుంది. చర్చిలో దీన్ని భయపెట్టడానికి చదువుతారు. కానీ మొదటిసారి ఆ మాట విన్న మాదిగ తాత చెవితో ఒకసారి వినండి. ఒక్కటే పుట్టుక అంటే పూర్వజన్మ లేదు. పూర్వజన్మ లేకుంటే పూర్వజన్మ పాపం లేదు. అట్లయితే తాను ఈ వాడలో పుట్టడం ఏ పాపానికీ శిక్ష కాదు! వేల ఏండ్లుగా మన నెత్తిన పెట్టిన మూట అది. నువ్వు ఎప్పుడో ఏదో చేసినవు, అందుకే ఇట్ల పుట్టినవు, నోరు మూసుకొని చాకిరి చేస్తే వచ్చే జన్మలో చూద్దాం అన్న మూట. నిత్యజీవం అనే ఆశ ఆ మూటను దింపింది. బాబాసాహెబ్ కూడా 'బుద్ధుడు, అతని ధమ్మం'లో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని కొట్టేశాడు. బీదల గతికి సమాజం, రాజ్యం జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికే అది పనికొస్తుందని తేల్చాడు. 1956లో నాగపూర్‌లో దింపిన మూటనే అంతకు చాలా ముందు మన తాతలు ఇంకో దారిలో దింపారు.

ఆ దారి ఒంగోలు దారి. బియ్యానికి కలిసినోళ్ళు అని మనల్ని ఎగతాళి చేసేవాళ్ళు ఈ చరిత్ర వినాలి. తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి కరువూ లేదు, బియ్యమూ లేదు. అంతకు ముందు ఆయన గురువుల దగ్గర యోగం నేర్చినవాడు, ముక్తి కోసం వెతికినవాడు. మన వాడలో ఆ వెతుకులాట కొత్త కాదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో కక్కయ్య మాదిగే గదా. ఆ తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకొని మనవాళ్ళకు మట్టిపని ఇచ్చాడు. ఆ కరువు రోజుల్లోనే నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది నీళ్ళలో దిగారు.

కలిసేవాళ్ళకు క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి భక్తి మాటల్లాగుంటాయి. ఊళ్ళో పెట్టి చూడండి. ఆదివారం పని చేయనంటే దొర పొలం ఆగుతుంది. చచ్చిన గొడ్డు ముట్టనంటే ఊరి చాకిరి గొలుసులో ఒక కడియం తెగుతుంది. విగ్రహానికి మొక్కనంటే జాతర్లో డప్పు కొట్టేవాడుండడు. అందుకే పెత్తందార్లు మనవాళ్ళను కొట్టారు, బావుల దగ్గరికి రానివ్వలేదు, దొంగకేసులు పెట్టారు. పరలోకం మీద ఆశ మనిషిని ఈ లోకంలో చేతులు కట్టుకొని కూర్చోబెట్టేదే అయితే కరణానికి, రెడ్డికి అంత కోపం ఎందుకొచ్చినట్టు?

చావు చుట్టూ ఉండే పనులన్నీ మనవే, అదీ గుర్తు పెట్టుకోవాలి. ఊళ్ళో ఎవరు పోయినా చావు కబురు మోసేది మనం. డప్పు కొట్టేది, బొంద తవ్వేది, కట్టెలు పేర్చేది మనం. అందర్నీ ఆ గడప దాకా సాగనంపే మనిషికి గడప అవతల చోటు లేదన్నారు. ఇక్కడ తెలంగాణలో 2019 నుంచి పల్లెప్రగతి కింద ఊరూరా శ్మశానాలు కట్టారు. మంచిదే, షెడ్డు, నీళ్ళు, గేటు పెట్టారు. పేరేం పెట్టారు? వైకుంఠధామం. సర్కారు పైసలతో, 12 వేలకు పైగా గ్రామపంచాయతీలున్న రాష్ట్రంలో, చచ్చినోళ్ళందరికీ ఒకటే చిరునామా రాశారు. పూడ్చుకునే మాదిగ వాడను, సాయిబుల ఇండ్లను అడిగి పెట్టిన పేరా అది? పేరుదేముంది అంటారా? పేరులో ఏమీ లేకుంటే పెట్టడమెందుకు?

క్రైస్తవుల్లో చనిపోయాడు అనరు, నిద్రించాడు అంటారు. సిమెట్రీ అనే ఇంగ్లీషు మాటకు గ్రీకు మూలంలో అర్థం పండుకునే చోటు అని. పండుకున్నవాడు లేస్తాడు గాబట్టి చోటు కావాలి, తల దిక్కున పేరు కావాలి. ఈస్టరు నాడు తెల్లారకముందే కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల దగ్గరికి పోతారు మనవాళ్ళు. నారాయణగూడలో చూడండి, పల్లెల్లో తుమ్మచెట్ల నడుమ చూడండి. బతికినన్నాళ్ళు ఒరేయ్, ఒసేయ్ అని తప్ప పూర్తి పేరుతో పిలిపించుకోని మనిషికి అక్కడ సున్నం కొట్టిన రాయి మీద పూర్తి పేరు, పుట్టిన తేదీ, నిద్రించిన తేదీ ఉంటాయి. వాడలో చాలామందికి అదే మొదటి శిలాశాసనం.

ఇంత చెప్పాక పాస్టరు గార్లతో మాట్లాడాలి. ఈ ఆశను మీరేం చేశారయ్యా?

1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. చచ్చినవారి పేర్లలో మోషే ఉన్నది, బానిసలను ఐగుప్తు నుంచి నడిపించిన మోషే పేరే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అప్పుడు వాళ్ళు పరలోకంలో ఉన్నారు, క్షమించండి, ప్రార్థన చేయండి అన్న బోధకులున్నారు. క్షమాపణ అడగనివాళ్ళను క్షమించమని బాధితుణ్ణి తొందరపెట్టడం ఏ సువార్తలో ఉంది? చుండూరు జనం ఆ మాట వినలేదు. శవాలను ఊరి బయట మూలకు మోసుకుపోలేదు. ఊరి నడుమ, అందరూ చూసే చోట పెట్టారు. దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. కోర్టు మా ఊరికే రావాలని పట్టుబట్టి తెప్పించుకున్నారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. భూలోకపు తీర్పు అట్లున్నప్పుడు ఇంకొక తీర్పు ఉందని ఒక తల్లి నమ్మితే ఆమెను చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. ఆ నమ్మకం చూపించి ఆమెను కోర్టు మెట్ల మీద నుంచి దింపే హక్కు కూడా ఎవరికీ లేదు.

బాబాసాహెబ్ ఈ జబ్బును ఎప్పుడో పట్టుకున్నాడు. మతం మారిన అంటరానివారి గురించి ఆయన రాసిపెట్టుకున్న వ్యాసాలు 1989లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన సంపుటంలో వచ్చాయి. మనిషి పడిపోయింది పాపం వల్లే అని మిషనరీలు చెప్పారు, పరిస్థితుల వల్ల అని చెప్పలేదు, అందుకే మారినవాడు పరిస్థితుల మీద తిరగబడలేదు అని ఆయన విమర్శ. నిజమే గదా. పూర్వజన్మ పాపం మూట దించి ఆదాము పాపం మూట ఎత్తారు. మూట మారింది గానీ మోసే మెడ మనదే.

లూకా సువార్తలో ధనవంతుడు, లాజరు కథ ప్రతి చర్చిలో చెప్తారు. గుమ్మం ముందు కురుపులతో పడున్న లాజరు చచ్చి అబ్రాహాము రొమ్మున చేరాడు, ఖరీదైన బట్టలు కట్టిన ధనవంతుడు మంటల్లో పడ్డాడు. చూశారా, ఓర్చుకుంటే పైన సుఖం అని ముగిస్తారు. అసలు సంగతి అక్కడ లేదు. మంటల్లో పడ్డాక కూడా ధనవంతుడు లాజరుతో మాట్లాడడు. అబ్రాహాముతో మాట్లాడి, ఆ లాజరును పంపండి, వాని వేలికొన నీళ్ళలో ముంచి నా నాలుక మీద పెట్టమనండి అంటాడు. నరకంలో పడ్డా వెట్టి బుద్ధి పోలేదు! ఆ పైన నీళ్ళు అడిగింది ఎవరి వేలు నుంచి? మన వేలు తగిలితే బావి మైలపడే దేశంలో ఈ కథను ఇన్నేండ్లు ఓపిక పాఠంగా చెప్పగలిగారంటే ఆ బోధకుల ఓపికకే దండం పెట్టాలి. కథలో లాజరు పోడు. అబ్రాహాము పంపడు. చాకిరి అక్కడితో ఆగింది.

బైబిలు చివరి పుస్తకంలో కనబడే పట్టణానికి పన్నెండు గుమ్మాలు, ఏదీ మూయరు. అందులో గుడి కూడా లేదు, కాబట్టి పూజారీ లేడు. యెషయా చూసిన కొత్త భూమిలో ఇల్లు కట్టినవాడే ఆ ఇంట్లో ఉంటాడు, తోట నాటినవాడే పండు తింటాడు. ఒకడు కడితే ఇంకొకడు కాపురముండడు. ఇది చదివి కూలి రేటు అడగొద్దని ఎట్లా చెప్పగలుగుతున్నారు? ప్రభువు నేర్పిన ప్రార్థనలో రోజూ అడిగేది మనల్ని పైకి తీసుకుపొమ్మని కాదు. పైనున్న తీరు కిందికి రావాలని.

ఆ తీరు ముందు చర్చిలో రావాలి. హెబ్రోనులో భక్తసింగ్ గారు అందర్నీ ఒకే నేల మీద కూర్చోబెట్టి, ఆరాధన తర్వాత ఒకే బంతిలో అన్నం పెట్టించాడు. 2000 సెప్టెంబరులో ఆయన పోతే నారాయణగూడ సమాధుల దాకా జనం కదిలారు. 2022 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ కథెడ్రల్ పీఠానికి చెందిన ఆర్చిబిషప్ పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యాడు, దళితుల్లో మొట్టమొదటివాడు. సంతోషం. కానీ తమిళనాడు తిరుచ్చిలో కతోలికుల సమాధుల నడుమ కులానికో వైపు అని గోడ కట్టుకున్నారు. మన దగ్గర గోడ కట్టరు, వరసలు వేరు చేస్తారు. మాల చర్చి, మాదిగ చర్చి, రెడ్డి కతోలికులు. రేపు లేచేటప్పుడు కూడా వరసలవారీగానే లేస్తారా? పరలోకంలో ఊరు, వాడ ఉండవని పాట పాడుకుంటూ బొందలగడ్డలో ఊరు, వాడ గీసుకున్నవాళ్ళు ఆ పాట ఎవరి కోసం పాడుతున్నారో చెప్పాలి.

ఇక సర్కారు. త్రిశంకు కథ పాతది అనుకోకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన మాల, మాదిగ తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి, ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసేయమన్నది. 2022లో కేంద్రం మళ్ళీ ఇంకో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో, పసిపాపగా తీసుకున్న బాప్తిస్మాన్ని కూడా లెక్కలోకి తీసుకొని సర్టిఫికెట్ ఇవ్వనక్కర లేదన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారినవానికి అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. తిట్టేవాడు మతం అడిగి తిడుతున్నాడా? కులం చూసి తిడతాడు, కోర్టు మతం చూసి కొట్టేస్తుంది.

దీనివల్ల మన మనిషికి రెండు పేర్లు. సర్టిఫికెట్లో ఒకటి, చర్చిలో ఇంకొకటి. బతికినన్నాళ్ళు ఎట్లనో నెట్టుకొస్తాడు. చచ్చినాక సమాధి రాయి మీద ఏ పేరు రాయాలె? సిలువ పెడితే మనవరాలి సీటు పోతుందేమోనని భయం, పెట్టకపోతే తాతకు అన్యాయం చేసినట్టు. తన చావులో కూడా నిజం రాసుకోలేని పరిస్థితి పెట్టిన ఉత్తర్వు అది. దాన్ని తీసేయమని అడగడం చర్చి పని ఒక్కటే కాదు, చర్చికి పోని మనందరి పని.

నాయకులకు, వాడ పెద్దలకు, పాస్టర్లకు ఒక పని చెప్తున్నాం. మీ ఊళ్ళో మనవాళ్ళను పెట్టే చోటు పట్టుకొని చూడండి. సర్వే నంబరెంత, ఎన్ని గుంటలు, రికార్డులో శ్మశానం అని ఉందా, పోరంబోకు అని ఉందా, పక్క పొలం ఆసామి ఎంత కలుపుకున్నాడు, శవం పోయే బాట ఎవరి పొలంలో నుంచి ఉంది, వాన పడితే బొందలోకి నీళ్ళు వస్తాయా, మాల మాదిగల వరసలు వేరా కలిసేనా, ఊరి వైకుంఠధామంలో మనల్ని ఎప్పుడైనా రానిచ్చారా. తహశీల్దారు ఆఫీసు నుంచి నకలు తీసుకోండి. ఇయ్యకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. వివరాలు కార్డు మీద రాసి పత్రికకు పంపండి. ఆక్రమణ అయిన చోట్లు ముందు వేస్తాం. ఈస్టరు లోపల మొదటి జాబితా తయారైతే, ఆ తెల్లవారుజామున కొవ్వొత్తులతో పోయేవాళ్ళు ఒక కొలతల టేపు కూడా పట్టుకుపోవచ్చు.